తోడేలు ఎవరు?

తెలుగు పాఠకుడికి రాజకీయ కార్టూన్ అంటే ముందు మాట, తర్వాతే బొమ్మ. ‘ఈనాడు’లో శ్రీధర్ గారి ‘ఇదీ సంగతి’ చూసి పెరిగిన తరం మాది. కాఫీ చల్లారేలోపు ఆ ఒక్క డైలాగు చదివి నవ్వుకుని, బొమ్మలో ఉన్న మంత్రిగారి ముక్కు వైపు తర్వాత తీరిగ్గా చూసేవాళ్లం. పాకెట్ కార్టూన్‌కి ఆ పద్ధతి చాలు. ఉద్యమాల మీద వేసే బొమ్మల్లో చాలావాటికి మాటలే ఉండవు. అక్కడే మనం తడబడతాం.

జర్నలిజం చదివే పిల్లలకు అప్పుడప్పుడు కార్టూన్ ఎలా చదవాలో చెబుతుంటాను. అక్షరాలుంటే వాటి మీద చెయ్యి అడ్డం పెట్టమంటాను. బొమ్మలో కనిపించేది ఉన్నదున్నట్టు చెప్పండి, అర్థం సంగతి తర్వాత చూద్దాం అంటాను. అది వాళ్లకి మహా కష్టం. ‘ప్రజాస్వామ్యాన్ని అణచివేస్తున్నారు సార్’ అని మొదటి క్షణంలోనే తేల్చేస్తారు. అణచివేత ఎక్కడుందో చూపించమ్మా అంటే బూటు మీద వేలు పెడతారు. సరే, అది బూటు. సైనికుడిదా, పోలీసుదా, షోకు మనిషిదా? కింద నలుగుతున్నది ఏమిటి? అప్పుడు నిజంగా చూడటం మొదలెడతారు.

నేను ఎక్కువగా ఇచ్చే బొమ్మ 2013లో చైనా ఇంటర్నెట్‌లో తిరిగింది. వెడల్పాటి రోడ్డు. తెల్లచొక్కా మనిషి ఒకడు మనకు వీపు చూపిస్తూ నిలబడ్డాడు. అతనికి ఎదురుగా వరసగా పెద్దపెద్ద పసుపుపచ్చ రబ్బరు బాతులు. చంటిపిల్లలు స్నానాల తొట్టిలో ఆడుకునే బాతులే, ట్యాంకంత సైజులో. అంతే బొమ్మ.

చూడగానే కొందరు నవ్వుతారు, ఒకరిద్దరు నవ్వరు. నవ్వనివాళ్లు అసలు ఫొటో చూసినవాళ్లు. 1989 జూన్ 5న, బీజింగ్‌లో ప్రజాస్వామ్యం కోరిన నిరసనకారుల మీద సైన్యం కాల్పులు జరిపిన మర్నాడు, చాంగాన్ రోడ్డు మీద ట్యాంకుల వరసకు ఒంటరిగా అడ్డం నిలబడ్డ మనిషి ఫొటో అది. అసోసియేటెడ్ ప్రెస్ ఫొటోగ్రాఫర్ జెఫ్ వైడనర్‌తో పాటు మరికొందరు హోటల్ పైనుంచి ఆ దృశ్యాన్ని తీశారు. ఆ మనిషి ఎవరో, ఏమయ్యాడో ఇప్పటికీ తేలలేదు. ఇక బాతు సంగతి. డచ్ కళాకారుడు ఫ్లోరెంటైన్ హాఫ్‌మన్ తయారుచేసిన భారీ రబ్బరు బాతు 2013 మేలో హాంకాంగ్ రేవులో తేలుతూ జనాన్ని మురిపించింది. ఎవరో ట్యాంకులు తీసేసి ఆ బాతుల్ని పెట్టారు. జూన్ 4 వచ్చేసరికి చైనా సోషల్ మీడియా వీబోలో ‘పెద్ద పసుపు బాతు’ అని వెతికితే ఫలితాలు రాకుండా ఆపేశారు.

ఇక్కడ గమనించాల్సింది, ట్యాంకు బొమ్మలో లేదు. అది చూసేవాడి తలలో ఉంది. గీసినవాడు సగమే గీశాడు, మిగతా సగం మన జ్ఞాపకం పూర్తిచేయాలి. ఆ ఫొటోనే చూడనివ్వకుండా పెంచిన తరానికి అది ఉత్త బాతుల బొమ్మ. సెన్సార్ అధికారికి మాత్రం అన్నీ గుర్తుండాలి, లేకపోతే ఉద్యోగం చేయలేడు.

హాంకాంగ్ గొడుగు కూడా ఇలాంటిదే. 2014 సెప్టెంబర్ 28న పోలీసులు బాష్పవాయువు ప్రయోగించారు. పెప్పర్ స్ప్రే నుంచి కళ్లు కాపాడుకోవడానికి కుర్రాళ్లు గొడుగులు తెరిచారు. తమ పాలనాధిపతిని తామే ఎన్నుకుంటామని, అభ్యర్థుల్ని బీజింగ్ వడపోయకూడదని వాళ్లు 79 రోజులు రోడ్ల మీద కూర్చున్నారు. అప్పటినుంచి ఆ ఊరి కార్టూన్‌లో పసుపు గొడుగు కనిపిస్తే వాన కోసం వెతకనక్కర్లేదు. నాకు బాగా నచ్చింది ఎవరూ కలం పట్టకుండా తయారైన కార్టూన్. చైనా అధ్యక్షుడు షీ జిన్‌పింగ్ వానలో తన గొడుగు తానే పట్టుకున్న ఫొటో ఒకటుంది, చైనాలో దానికి బహుమతి కూడా వచ్చింది. నిరసనకారులు ఆ గొడుగుకు పసుపు రంగు వేసి, అట్టబొమ్మ కోసి తమ మధ్యనే నిలబెట్టుకున్నారు.

అసలు చెప్పాలనుకున్నది గొర్రెల కథ.

2020, 2021లలో హాంకాంగ్‌లో స్పీచ్ థెరపిస్టుల సంఘం ఒకటి మూడు బొమ్మల పుస్తకాలు వేసింది. నాలుగు నుంచి ఏడేళ్ల పిల్లల కోసం. ఊరు గొర్రెలది, దాని మీదికి తోడేళ్లు వస్తాయి. మొదటి పుస్తకంలో, మామూలుగా నెమ్మదైన గొర్రెలు కొమ్ములు ఝళిపించి ఊరు కాపాడుకుంటాయి. 2019లో నిందితుల్ని చైనాకు అప్పగించే బిల్లు మీద లేచిన ఉద్యమమే అది. రెండో దాంట్లో పన్నెండు గొర్రెలు పడవెక్కి పారిపోతూ తోడేళ్లకు చిక్కుతాయి. 2020 ఆగస్టులో సముద్రంలో పట్టుబడ్డ పన్నెండుమంది హాంకాంగ్ వాసుల ఉదంతం. మూడో దాంట్లో తోడేళ్లు ఊరంతా మురికి చేస్తుంటే చెత్త ఎత్తే గొర్రెలు సమ్మె కడతాయి. కోవిడ్ మొదట్లో చైనా సరిహద్దు మూసెయ్యమని ఆసుపత్రి సిబ్బంది చేసిన సమ్మె.

2021 జూలైలో జాతీయ భద్రతా పోలీసులు సంఘానికి చెందిన అయిదుగుర్ని అరెస్టు చేశారు. అందరూ ఇరవైల్లో ఉన్నవాళ్లే. ఏడాదికి పైగా రిమాండ్‌లో ఉంచి, 2022 సెప్టెంబర్‌లో ఒక్కొక్కరికి 19 నెలల జైలు వేశారు. నేరం రాజద్రోహం.

ఆ తీర్పు ఒక రకంగా కార్టూన్ సమీక్షే. ఇవి నీతికథలు, ఎవరికి తోచిన అర్థం వాళ్లు తీసుకోవచ్చు అన్నది డిఫెన్స్ వాదన. జడ్జి ఒప్పుకోలేదు. గొర్రెలు హాంకాంగ్ జనం, తోడేళ్లు చైనా పాలకులు అని గుర్తించారు. చదివిన పిల్లలు తమ ప్రభుత్వాన్ని ద్వేషిస్తారని తేల్చారు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు ఉందని మనం నవ్వొచ్చు. వాగు దగ్గర గొర్రెపిల్ల మీద నెపం వెతికే తోడేలు కథ మన వాచకాల్లో ఎప్పటినుంచో ఉంది, దాని అసలు పేరేమిటని ఏ మాస్టారూ అడగలేదు.

కానీ నవ్వి ఊరుకుంటే కుదరదు. నా చదువులోనూ ఆ తోడేలు చైనా ప్రభుత్వమే. దాన్ని మామూలు జంతువుల కథ అనడం ఆ అయిదుగురి తెగువను చిన్నచేయడం. తాను విచారిస్తున్నది మరిన్ని పుస్తకాలు వేయలేకపోయినందుకేనని వాళ్లలో ఒకామె కోర్టులోనే అంది. అంతేకాదు, ఆ మూడో పుస్తకం నాకు నచ్చదు. అవతలి మనుషుల్ని మురికితో ముడిపెట్టినప్పుడు కార్టూన్ పాలకుణ్ని వదిలి జనం మీద పడుతుంది. జంతువుల్ని ఎంచుకోవడంలోనే ఒక వాదన దాగి ఉంటుంది మరి. తోడేలు ఎప్పటికీ తోడేలే కాబట్టి దాంతో రాజీ లేదని ముందే చెప్పేసినట్టు. దీని మీద గీసినవాళ్లతో గంటలకొద్దీ పోట్లాడొచ్చు. పేపర్లో ఉతికి ఆరేయొచ్చు.

జడ్జిగారితో నా పేచీ తోడేలు దగ్గర కాదు, ఆ తర్వాత. బొమ్మలో ఉన్నది ఒకటి, చూసేవాడి జ్ఞాపకంలో ఉన్నది ఇంకొకటి. ఈ రెండూ కలిపితే కార్టూన్ అర్థం పూర్తవుతుంది. అయిదేళ్ల పిల్ల రేపు ఏమవుతుందన్నది ఆ రెండింట్లోనూ లేదు. అది చదివేవాడి భయం. ఆ భయాన్ని బొమ్మకు అంటగట్టి అదే దాని అర్థమని రాసుకుంటే ఏ బొమ్మా మిగలదు, రబ్బరు బాతుతో సహా.

ఈ కేసులో వాడిన రాజద్రోహ చట్టం చైనాది కాదు, బ్రిటిష్‌వాళ్లు వలస కాలంలో హాంకాంగ్‌లో పెట్టిపోయింది. తిలక్‌ను జైల్లో పెట్టిన మన శిక్షాస్మృతిలోని 124ఎ సెక్షన్‌కి దగ్గరి చుట్టం. కార్టూనిస్టు అసీమ్ త్రివేదిని 2012లో ముంబైలో అరెస్టు చేసింది ఆ 124ఎ కిందే. దాన్ని మన సుప్రీంకోర్టు పక్కన పెట్టమన్నది 2022 మేలో, హాంకాంగ్ తీర్పుకు నాలుగు నెలల ముందు. మన దగ్గర ఇప్పుడు సెక్షన్ నంబరు మారింది. దాన్ని ఎలా వాడతారో చూడాలి.

హాంకాంగ్‌లో జైలు అవసరం కూడా లేకుండా పోయింది. ‘మింగ్ పావ్’ పత్రికలో 1983 నుంచి గీస్తున్న జుంజీ, పైవాళ్లకు నచ్చితే పరీక్ష తప్పినా స్థానిక కమిటీ పదవి దొరుకుతుందన్న అర్థంలో ఒక కార్టూన్ వేశారు. ప్రభుత్వం మండిపడింది. 2023 మేలో పత్రిక ఆయన శీర్షిక ఆపేసింది. పబ్లిక్ లైబ్రరీల్లో ఆయన పుస్తకాలు కనిపించకుండా పోయాయి. అదే ఏడాది మార్చిలో గొర్రెల పుస్తకాలు దగ్గర పెట్టుకున్నందుకు ఇద్దర్ని అరెస్టు చేశారు. గీయడం నుంచి దాచుకోవడం దాకా వచ్చింది నేరం.

ఆ అయిదుగురికి శిక్ష పడ్డప్పుడు చట్టంలో మొదటిసారి రాజద్రోహానికి గరిష్ఠ శిక్ష రెండేళ్లు. 2024 మార్చిలో హాంకాంగ్ తెచ్చిన కొత్త భద్రతా చట్టం దాన్ని ఏడేళ్లు చేసింది.