వేరే రైళ్ల చప్పుడు

సంగీతం గురించి రాయడానికి మీకేం అర్హత ఉందని ఎవరైనా అడగొచ్చు. మేం సరిగమలు నేర్చుకున్నవాళ్లం కాదు. చెవులున్నాయి, రెండు జబాన్లున్నాయి, అంతే. అయినా స్టీవ్ రైష్ అనే అమెరికన్ యూదు స్వరకర్త 1988లో కట్టిన 'డిఫరెంట్ ట్రైన్స్' విన్నాక రాయకుండా ఉండలేకపోతున్నాం. మొత్తం వింటే అరగంట కూడా పట్టదు. రోజులు గడిచినా వదలడం లేదు.

రైష్ 1936లో న్యూయార్క్‌లో పుట్టాడు. తల్లిదండ్రులు విడిపోయారు. తండ్రి న్యూయార్క్‌లో, తల్లి లాస్ ఏంజెలెస్‌లో. 1939 నుంచి 1942 దాకా ఆ పిల్లాడు ఆయా తోడుగా రైళ్లలో అటూ ఇటూ తిరిగాడు. పెద్దయ్యాక ఒక ఆలోచన పట్టుకుంది. అవే సంవత్సరాల్లో తను యూరప్‌లో ఉండి ఉంటే, యూదుడిగా, ఎక్కాల్సి వచ్చేది వేరే రైళ్లు. తను చేసుకున్న పుణ్యమూ లేదు, వాళ్లు చేసిన పాపమూ లేదు. పుట్టిన చోటు వేరు.

ఆ ఆయా గొంతు, పుల్‌మన్ రైలుపెట్టెల్లో పోర్టరుగా పనిచేసి రిటైరైన ఒక ముసలాయన గొంతు, నాజీల బారి నుంచి బతికి బయటపడి అమెరికా చేరిన ముగ్గురి గొంతులు. ఈ టేపుల్లోంచి చిన్న చిన్న ముక్కలు కోసుకున్నాడు. ఆడవాళ్ల మాటకి వయోలా, మగవాళ్ల మాటకి చెల్లో తోడుంటాయి. మాట ఎలా ఎక్కి ఎలా దిగుతుందో వాద్యం అలాగే పలుకుతుంది. మిగతా తీగలు ఆగని చక్రాల్లా కొట్టుకుంటుంటాయి. పాత రైలు కూతలు వినిపిస్తాయి. రెండో భాగానికి వచ్చేసరికి సైరన్లు మోగుతాయి. మినిమలిజం అంటే ఇంతే, తక్కువ సరుకు, మళ్లీ మళ్లీ. మొహర్రంలో నౌహా విన్న చెవులకి ఈ మళ్లీ మళ్లీ కొత్తేం కాదు.

మాటలో అర్థం కన్నా ముందు లహజా వినపడుతుంది. ఇది మాకు ఎవరూ చెప్పక్కర్లేదు. నోరు తెరిస్తే "మీరు తెలుగు భలే మాట్లాడతారే" అంటారు. మెచ్చుకోలే, కాదనం. ఉర్దూ మాట్లాడితే మా దక్కనీ యాసకి ఉత్తరాదివాళ్లు నవ్వుతారు. రెండు వైపులా గొంతే మమ్మల్ని పట్టిస్తుంది. రైష్ వయోలా మాత్రం ఎవరి లహజానీ సరిదిద్దదు. ఉన్నదున్నట్టు వాయిస్తుంది.

రెండో భాగంలో హంగరీని జర్మన్లు ఆక్రమించడం గురించిన మాటలొస్తాయి. రెండో తరగతి. పొడుగాటి పంతులు. ఎన్నో ఏళ్ల కిందట నల్లకాకులు మన దేశం మీద పడ్డాయని చెప్పి, వేలు నేరుగా ఆ బిడ్డ వైపు చూపిస్తాడు. రైలుపెట్టెలు, శిబిరాలు, పొగ, అన్నీ ఆ తర్వాతే. మా బళ్లో చరిత్ర పాఠంలో గజనీ పేరు వచ్చినప్పుడు క్లాసంతా తిరిగి మా బెంచీ వైపు చూసింది. సారు ఏమీ అనలేదు, వేలూ చూపలేదు. తలలు తిరిగాయంతే. ఆ రెండూ ఒకటని మేం అనడం లేదు. 60 లక్షల చావుల పక్కన మా సిగ్గుని నిలబెట్టడం అన్యాయం. కానీ తీగలు ఆ మాటని అందుకున్నప్పుడు ఒళ్లు జలదరించింది.

రైలు అనగానే ఉర్దూ చదివినవాళ్ల మనసు 1947 వైపు పోతుంది. పోనివ్వకూడదని పట్టుబట్టాం. ఇది వాళ్ల రైలు. వాళ్ల చావుల మీద మా దుఃఖాన్ని ఎక్కించుకుని ఊరేగకూడదు.

మాకొక తకరారూ ఉంది. మనిషి చెప్పుకున్న పొడుగాటి సాక్ష్యంలోంచి ముక్కలు ఏరింది సంగీతకారుడి చెవి. స్వరానికి పనికొచ్చే పలుకు నిలిచింది, మిగిలింది పోయింది. పత్రికల్లో మేమూ ఇదే పని చేశాం. ఒక తల్లి గంటసేపు చెప్పుకున్నదాన్ని మూడు లైన్లకి దించాం. రైష్ 1966లో చేసిన 'కమ్ ఔట్'లో ఈ దోషం ఇంకా ఎక్కువ. హార్లెంలో పోలీసు దెబ్బలు తిన్న ఒక నల్లజాతి కుర్రాడి మాటని తిప్పి తిప్పి, అది కరిగి చప్పుడైపోయే దాకా లాగాడు. చప్పుడు గొప్పదే, కుర్రాడే మిగల్లేదు. ఇరవై రెండేళ్ల తర్వాత ఈ రైళ్లలో మాట కరగదు. వాళ్ల బాధని రైష్ తన గొంతుతో చెప్పడు. వాళ్లనే చెప్పనిచ్చాడు. అందుకే తకరారు పెట్టుకుని కూడా దీన్ని నెత్తిన పెట్టుకుంటున్నాం.

మూడో భాగంలో యుద్ధం అయిపోయింది. అమెరికా రైళ్లు తిరిగొస్తాయి. చివర ఒక జ్ఞాపకం. చక్కటి గొంతున్న ఒక అమ్మాయి పాడేదట. ఆ పాటంటే జర్మన్లకి ఎంతో ఇష్టమట. ఆపితే, ఇంకా పాడమని చప్పట్లు కొట్టారట. అక్కడితో తీగలు సన్నగిల్లి ఆగిపోతాయి. హాల్లో కూర్చుని విన్నవాళ్లు ఆ తర్వాత ఏం చేస్తారు? చప్పట్లే కదా కొట్టేది.

మేం ఇంట్లో ఒంటరిగా విన్నాం. చేతులు ఒళ్లోనే ఉన్నాయి. కాసేపయ్యాక మళ్లీ మొదటి నుంచి పెట్టుకున్నాం. అదీ ఇంకా పాడమనడమేనా అని అప్పుడు తోచింది.