చావు కబురు మోసిన కాళ్లు

తెలుగు పుస్తకాల్లో కిరస్తానం పుచ్చుకున్న మాదిగోడు ఎక్కువగా రెండు వేషాల్లోనే కనిపిస్తడు. ఒకటి, గోధుమ రవ్వకు, పాలపొడికి మతం అమ్ముకున్నోడు. ఇది అగ్రవర్ణ కథకుల మాట. రెండు, చీకట్ల పడి ఉంటే దొర వచ్చి చెయ్యిచ్చి లేపినోడు. ఇది మిషనరీల మాట. రెండింట్లోనూ వాడు తీసుకునేటోడే. సంతోషం పట్టలేక తానే పోయి పక్కింటోళ్లకు చెప్పిన మాదిగోడు, మాదిగామె నేను చదివిన సాహిత్యంల నిండుగా ఎక్కడా లేరు. వాళ్లెందుకు లేరన్నదే నా ప్రశ్న.

మాది కొడంగల్ దగ్గర పల్లె. 1956 దాకా గుల్బర్గా జిల్లా, తర్వాత మహబూబ్‌నగర్, 2016 నుంచి వికారాబాద్. జిల్లాలు మారినయి గానీ మా వాడ ఊరికి అదే దిక్కున ఉంది. మా తాత వెట్టి మాదిగ. పెద్దిండ్లల్ల ఎవరన్న చస్తే పక్కూర్ల చుట్టాలకు కబురు మోయాలె. ఎండనక, వాననక, నడిజామనక ఉరకాలె. పోయినూర్ల గడప బయట నిలబడి చెప్పాలె. ఊర్ల డప్పు గొట్టి చాటింపు వెయ్యాలె. గొంతు మాదే, కబురు మాత్రం వాళ్లది. మా అవ్వ మెథడిస్టు సంఘంల బాప్తిస్మం తీసుకున్నంక ఆ ఇంటికి మొదటిసారి సొంత కబురు దొరికింది. సువార్త అంటే మంచి కబురని మాకు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. తరతరాలు చెడ్డ కబురు మోసినోళ్లకు ఆ తేడా కాళ్లకే తెలుస్తది.

కంది కోతకు పోయినకాడ అవ్వ చెప్పేది: “వదినా, ఆ దేవుడు మనింట్లకొచ్చి కూసుంటడంట. మన తలెలనే తింటడంట.” అంతే ఆమె ప్రసంగం. దానికి జీతం లేదు, లెక్క రాసుకునేటోడు లేడు. విన్నామె నమ్మినా నమ్మకున్నా పొద్దుగూకేదాక ఇద్దరూ ఒక్క సాలులనే కోసేది, ఒక్క జొన్నరొట్టె తుంచుకొని తినేది. మా దిక్కు ధారూర్ల 1923 నుంచి మెథడిస్టు జాతర జరుగుతున్నది. దాన్ని ‘మహాసభ’ అనలేదు మనోళ్లు, జాతర అన్నరు. బండ్లు కట్టుకొని పోయి, పొయ్యిలు పెట్టుకొని, డప్పు మీద పాడుకున్నరు. ఆ పేరు, ఆ డప్పు దొర తెచ్చినవి కావు.

ఇక పుస్తకాల కాడికొస్త. ఎర్రగుంట్ల పేరయ్య కనిగిరి దిక్కు మాదిగ, తోళ్ల బేరగాడు. రాజయోగపు గురువుల బోధ విన్నవాడు. బేరం మీద ఉత్తరం దిక్కు పోయినప్పుడు సువార్త విన్నడు. 1866ల క్లౌ దొర ఒంగోలుకొచ్చిన ఏడే పేరయ్య, ఆయన భార్య నాగమ్మ బాప్తిస్మం తీసుకున్నరు. ఆ దొరను వెతుక్కుంట పోయింది పేరయ్యే. తిరిగొచ్చి ఊరూరికీ చెప్పిందీ ఆయనే. మాదిగలను చేర్చుకుంటే మా పిల్లలను మీ బడికి పంపమని పెద్దకులాలోళ్లు అడ్డం తిరిగినా, క్లౌ మాదిగలనే ఎంచుకున్నడు. అది ఆయన గొప్పే. కానీ చాటింపు మాత్రం పేరయ్యది.

క్లౌ భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ 1899ల మాదిగల మీద ‘వైల్ సోయింగ్ శాండల్స్’ అన్న పుస్తకం తెచ్చింది. చెప్పులు కుట్టుకుంట చెప్పిన ముచ్చట్లని ఆ పేరుకు భావం. మన గురువులను, మాతంగిని, మన పెద్దల నోటి చరిత్రను ఆమె రాసి పెట్టింది. అందుకు రుణపడాలె. కానీ పుస్తకం అట్ట మీద మనల్ని ‘తెలుగు పరయ తెగ’ అన్నది. అరవదేశపు కులం పేరు తెచ్చి మాదిగల మీద కప్పింది. కథ చెప్పినోళ్లు మనోళ్లు, కథకు పేరు పెట్టింది ఇంకొకరు.

‘కూటికి మారిండ్లు’ అన్న మాట సంగతి. 1876–78 కరువుల క్లౌ బకింగ్‌హాం కాలువ పని కాంట్రాక్టు తీసుకొని వేలమందికి కూలి చూపిండు. ఆ సాయం నడిచినంత కాలం బాప్తిస్మాలు ఆపిండు. సాయం ఆగినంకనే, 1878 జూలై 3న వెల్లంపల్లి కాడ గుండ్లకమ్మల ఒక్కనాడు 2,222 మందికి ఇచ్చిండ్లు. కూడు కోసమైతే కూడు ఉన్నప్పుడే మునుగుతరు గద! అయినా ఆకలైనోడు అన్నం పెట్టిన చేతిని నమ్మితే తప్పెవరిది? అన్నం పెట్టని ఊరిది కాదా?

మన మహాకవి జాషువా 1941ల ‘గబ్బిలం’ తెచ్చిండు. అందుల అరుంధతీసుతుడు తన గోడు గబ్బిలంతో కాశీ విశ్వనాథునికి పంపుతడు. ‘క్రీస్తు చరిత్ర’కు 1964ల సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. ఒక కావ్యంల అంటరానోని దుఃఖం ఉంది, ఇంకో కావ్యంల క్రీస్తు ఉన్నడు. క్రీస్తును పక్కింటామెకు పంచే అంటరానామె మాత్రం ఈ రెండు కావ్యాల నడుమనే ఉండిపోయింది. తర్వాతి దళిత కవిత్వంలోనూ కోపం వచ్చింది, రావాల్సిందే. సంతోషమంటే మాత్రం మనకు సిగ్గయింది. ‘మత్తుమందు’ అంటరేమోనని భయం. ఒకరు హుకుం ఇయ్యకుండనే నోరు తెరిచి ఇంకొకరితో మాట్లాడటం మత్తు కాదు, మెలకువ. 1994 జూలై 7న అదే ప్రకాశం జిల్లా ఈదుమూడిల దండోరా పుట్టింది. పేరయ్య కాడి నుంచి అక్కడికి సూటి దారి ఉందని నేననను. కానీ రెండూ సొంత కబురుకు కొట్టిన డప్పులే.

అట్లని పంచేదంతా సంతోషమే అననీకె లేదు. మైకుల ఇంకొకరి దేవుణ్ని తిట్టేది సంతోషం కాదు. తలలు లెక్కగట్టి విదేశాలకు రిపోర్టు పంపేది అంతకన్నా కాదు. మాల మాదిగలకు వేరువేరు బల్లలు వేసిన సంఘం పంచేది పాత ఊరినే. నేను సర్కారు బడి పంతులును. తరగతిల మతం మాట ఎత్తను. 28వ అధికరణం ఉన్నది సరే, పసిపిల్లలు నా చేతికింద ఉన్నోళ్లు. చేతికిందోనికి చెప్తే అది హుకుం అయితది. అవ్వ సమానంగా నిలబడి చెప్పింది, ఆమె మాటకు బలం అక్కడే.

ఇగ రాజ్యం ఈ సంతోషానికి ధర కట్టింది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు క్రైస్తవుడైన దళితుణ్ని ఎస్సీ జాబితాల నుంచి బయట పెట్టింది. 1956ల సిక్కులకు, 1990ల బౌద్ధులకు తలుపు తీసింది, మనకు తియ్యలేదు. ఇక్కడ బీసీ-సీ, ఒక్క శాతం. నా నౌకరి ఆ కాగితం మీదిదే. వాడల ఒకే తల్లి పిల్లల్ల ఒకరు ఎస్సీ, ఒకరు బీసీ-సీ ఉన్నరు. బాప్తిస్మం తీసుకున్నంత మాత్రాన ఊరు బావికాడికి రానిచ్చిందా? అంటరానితనం పోలేదు, కాగితం మాత్రం పోయింది. అందుకే చానామంది గొంతు తగ్గించి పాడుతున్నరు.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, యూనివర్సిటీలల్ల పరిశోధనలు చేస్తున్నరు గద! ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనల’ గ్రాంథికం మీద పేజీలు నిండినా, చదువురాని మన అవ్వలు ఆ పాటలను ఏ బాణీల తిప్పుకున్నరో రాయకుంటే లెక్క తప్పుతది. ఉన్నోళ్లు ఇంక కొందరే. వాళ్ల కాడికి పోయి, వాళ్లు ఏం పోగొట్టుకున్నరో అడిగినట్టే, ఏం విని అంత సంబురపడ్డరో కూడా అడుగుండ్రి.