యూదుల చలనచిత్రోత్సవమున చూడదగిన చిత్రములు

అమెరికాలోని సాన్‌ఫ్రాన్సిస్కో నగరమున 1980లో డెబొరా కాఫ్మన్ అను నామె యూదుల చలనచిత్రోత్సవము నొకదానిని నెలకొల్పెను. ఆ విధమైన యుత్సవములలో నదియే మొదటిది. దానిని చూచి తక్కిన నగరములలోను నట్టివి వెలసినవి. ఆ యూర నుద్యోగము చేయుచున్న మా మేనల్లుడు రాబోవు నుత్సవమునకు సకుటుంబముగ పోదలచి, "మామయ్యా, మీకు సినిమాల పిచ్చి గదా, ఇట్టి చోట నేవి చూడవలెనో వ్రాయుడు" అని యడిగినాడు. క్రొత్త చిత్రములు ఏటేట మారును గనుక వాని మాట మేము చెప్పజాలము. పాతవి మూడింటిని గూర్చి, అవి యెప్పుడు ప్రదర్శించినను విడువవలదని వ్రాసితిమి. ఆ యుత్తరమే కొంత పెరిగి యీ వ్యాసమైనది. మన సంచికలో యూదుల ముచ్చట యేల యని యడుగువారు తుదివరకు చదివి యడుగ ప్రార్థన.

మొదటిది 'దిబ్బుక్'. 1937లో పోలండు దేశమున మిఖావు వషిన్‌స్కీ దర్శకత్వమున తయారైనది. భాష యిడ్డిషు. అది తూర్పు యూరపు యూదుల యింటిభాష. జర్మను మూలముగా గలిగి, హీబ్రూ స్లావు పదములను కలుపుకొని, హీబ్రూ లిపిలో వ్రాయబడునది. రాజుల కొలువులలో దానికి పీటయే లేకపోయెను. వంటయిల్లు, వీథి, నాటకశాల దాని నెలవులు.

కథ మనకు క్రొత్తగా తోచదు. ఇద్దరు స్నేహితులు తమ భార్యలు కడుపుతో నున్నపుడే, పుట్టువారు ఆడపిల్లయు మగపిల్లవాడు నైనచో వియ్యమందుదమని ప్రమాణము చేసికొందురు. ఒకడు మరణించును, రెండవవాడు ధనవంతుడై మాట మరచును. చనిపోయినవాని కొడుకు పేదవిద్యార్థియై యా యింటికే వచ్చి, ఆ కన్యనే వలచి, ఆమె పరుల పాలగునని విని గూఢవిద్యలలో మునిగి ప్రాణము విడుచును. పెండ్లినాడు వాని యాత్మ యామె నావహించును. పెద్దల మాట తప్పి చెడిన సంబంధముల కథలు మన యిండ్లలో విననివా రెవరు?

నటనలో నాటకశాల వాసన మెండు. కంఠములు హెచ్చు, నడక మందము. ఒక యరగంట తగ్గించిన బాగుండెడిదని మాకు తోచినది. కాని పెండ్లికి ముందు వధువుతో మృత్యువు నాట్యమాడు ఘట్టమొకటి కలదు. అది చూచిన రాత్రి మాకు నిద్ర పట్టలేదు. మూలనాటకకర్త అన్‌స్కీ 1912 మొదలు 1914 వరకు వొలీనియా, పొదోలియా ప్రాంతముల పల్లెలు తిరిగి కథలు, పాటలు, ఆచారములు ప్రోగుచేసిన మహానుభావుడు. 1920లో గతించెను. చిత్రము వచ్చిన రెండేండ్లకే జర్మను సేనలు పోలండులో జొరబడెను. నాజీలచే హతులైన యూదులు దాదాపు 60 లక్షలు. అందు పెక్కుమంది యిడ్డిషు మాటలాడువారే. తెరపై మనము చూచు జనము, వారి టోపీలు, వారి గుడి, ఆ నోటి మాట, సమస్తమును అట్లు పోవనున్నవని యెరిగి చూచుట వేరు, ఎరుగక చూచుట వేరు.

రెండవది 'తెవ్య' (1939). మారిస్ ష్వార్ట్జ్ తానే దర్శకుడు, తానే కథానాయకుడు. షోలెం అలైఖెం కథలలోని పాలవాని కూతురు ఖవ పొరుగు క్రైస్తవుని పెండ్లాడుట ఇందలి వస్తువు. న్యూయార్కు చేరువ లాంగ్ ఐలెండులో యుక్రెయిను పల్లెను సృష్టించిరి. 'దిబ్బుక్'లో విద్యార్థిగా నటించిన లియోన్ లీబ్‌గోల్డే యిందు ఖవ భర్త! 1971లో వచ్చిన 'ఫిడ్లర్ ఆన్ ది రూఫ్' ఈ తెవ్య కథలదే గాని, పాటల మాధుర్యమున పులుపు చచ్చినది. ష్వార్ట్జ్ తండ్రి దుఃఖమును తగ్గింపక చూపినాడు. అయితే మాకొక యభ్యంతరము. పొరుగువారిని దాదాపు తాగుబోతులుగను మోటువారిగను చిత్రించుట న్యాయము కాదు. మా షోలాపురమున మా యింట పురుడు వచ్చిన రాత్రి మొదట పరుగెత్తి వచ్చినది గోడకావలి మరాఠీ యామెయే.

మూడవది 'హెస్టర్ స్ట్రీట్' (1975). మూడింటిలో మాకు మిక్కిలి నచ్చినది. దర్శకురాలు జోన్ మిక్లిన్ సిల్వర్; అబ్రహాం కాహన్ 1896లో ప్రకటించిన 'యెకుల్' నవలిక మూలము. సంభాషణలు చాలవరకు యిడ్డిషులోనే. పంపిణీదారులు వెనుదీయగా నామె భర్తయే ధనము సమకూర్చి విడుదల చేయించెను. కథానాయిక కారొల్ కేన్ ఆస్కారు బహుమానమునకు ప్రతిపాదింపబడెను.

న్యూయార్కులో కుట్టుపని చేయు జేక్, పూర్వనామమున యాంకుల్, గడ్డము తీసి దొరవలె తిరుగుచుండును. స్వదేశమునుండి భార్య గిట్టులు కొడుకుతో దిగును. భార్య తలకట్టు చూచి యాతడు సిగ్గుపడును. యోసెలె యను బాలుని జోయి యని పిలిచి, వాని చెంపల జుట్టు కత్తిరించును. దర్శకురాలు ఎక్కడను ఉపన్యసింపదు. ఒక కత్తెర, ఒక పేరు, చాలినవి.

ఇచ్చట మేము చిత్రము నాపి కొంతసేపు కూర్చుంటిమి. మేము కొలువు చేసిన కార్యాలయమున మా యింటిపేరును ఇక్కడి రివాజు ప్రకారము చివరకు త్రోసి వ్రాసిరి. దానితోనే జీవితమంతయు పిలిచిరి. మాకు మా తల్లి పెట్టిన పేరును కార్యాలయమున నెవ్వరు నెరుగరు. సరిచేయుడని మేమెన్నడు నడుగలేదు. అది చిన్నమాట. కుమారుని బడిలో చేర్పించునాడు ప్రధానోపాధ్యాయిని గది యెదుట, "లోపల నీవు తెలుగున మాటలాడకు" అని మా భార్యను వారించితిమి. ఆమె లోపల నొక్క మాటయు నాడలేదు. ఇపుడు జేక్‌ను చూచుచు నామె మా వంక తిరిగి, "ఈయన గారు మనవాడే" అన్నది. ఆ గది ముచ్చట నామెకు గుర్తున్నదో లేదో యడుగుటకు మాకు ధైర్యము చాలలేదు.

తుదకు విడాకులు పొందిన గిట్టులే నిలద్రొక్కుకొనును. జేక్ క్రొత్త పెండ్లికై బండి కూలి మిగుల్చుకొని నడచిపోవును. నవ్వు వచ్చును గాని గెలిచినదెవరో తేలదు. అట్లు తేలకుండ విడుచుటలోనే యా దర్శకురాలి నేర్పున్నది.

మన దేశపు వెండితెరపై యూదుల పాత్రను దెలుపు 'షాలోం బాలివుడ్' (2017) కూడ చూడదగినదే. సులోచన, డేవిడ్, నాదిర యూదులని మాలో పలువురికి తెలియదు. నాదిర నటించిన 'శ్రీ 420' (1955)లోనే ఒక పాటకు తెలుగు మాటలతో నెత్తుగడ యుండుట మాకు సంతోషము.

మేనల్లునకు చివర నిట్లు వ్రాసితిమి: 'దిబ్బుక్'కు చిన్నపిల్లలను తీసికొనిపోవలదు, జడిసెదరు. 'హెస్టర్ స్ట్రీట్'కు పెద్దమ్మాయిని తప్పక తీసికొనిపొమ్ము. తెరక్రింది యక్షరములు త్వరగా పోవును గాన కథను ముందే చెప్పి యుంచుము, తెలుగున.