గుమ్మడి మడిలో చలికాలపు పైరు

ఉత్తర అమెరికాలోనూ ఐరోపాలోనూ ఏటా అక్టోబరులో జరిగే గుమ్మడికాయల తూకపు పోటీలలో జనం చూసేది కాయను మాత్రమే కాగా, ఆ కాయ బరువును నిర్ణయించే పనులలో చాలా భాగం అంతకు ముందటి శరదృతువులోనే, తీగలు తీసేసి ఖాళీ చేసిన మడిలో మొదలై ఉంటాయి. నేటి భారీ గుమ్మడికాయలలో దాదాపు అన్నిటికీ మూలం అట్లాంటిక్ జెయింట్ అనే రకం. కెనడాలోని నోవా స్కోషియాలో విండ్సర్‌కు చెందిన రైతు హోవర్డ్ డిల్ ఏళ్ల తరబడి ఓపికగా ఎంపిక చేస్తూ దానిని రూపొందించాడు. 1981లో ఆయన కాయ 224 కిలోల దాకా తూగి ప్రపంచ రికార్డు కాగా, 2012లో అమెరికాలోని రోడ్ ఐలండ్‌కు చెందిన రాన్ వాలెస్ కాయ 911 కిలోలతో తొలిసారి అమెరికన్ టన్నును దాటింది. 2025లో ఇంగ్లండ్‌లోని లిమింగ్టన్‌కు చెందిన పేటన్ సోదరుల కాయ 1,278.8 కిలోలకు చేరింది.

ఈ పెరుగుదలకు కారణం అడిగితే సాగుదారులు ముందుగా విత్తనాన్ని చూపుతారు, అందులో అన్యాయమేమీ లేదు. పేరుపొందిన ప్రతి విత్తనానికీ తల్లికాయ బరువు, పండించినవారి ఇంటిపేరు, పండిన సంవత్సరం కలిపి ఒక గుర్తింపు ఉంటుంది. ఏ కాయకు ఏ మొక్క పుప్పొడి అద్దారో తరతరాలుగా రాసిపెట్టుకుంటారు. గొప్ప కాయల గింజలు వేలంపాటలో ఒక్కొక్కటి వందల డాలర్లు పలికిన సందర్భాలూ ఉన్నాయి. అయితే గింజను కవరులో పెట్టి ఏ ఖండానికైనా పంపవచ్చు గాని మట్టిని అలా పంపలేరు. ఒకే కాయ గింజలు వేర్వేరు ఊళ్లలో మొలిచి, బరువులో వందల కిలోల తేడాతో కాయలు కాయడానికి వాతావరణం, సాగుదారు నైపుణ్యం ఎలా కారణమో, మట్టి కూడా అలాగే కారణం. విత్తనానికి దక్కిన శ్రద్ధలో సగమైనా ఆ మట్టికి చలికాలంలో దక్కకపోవడం ఈ కళలో ఇప్పటికీ కనిపించే పెద్ద లోటు.

భారీ గుమ్మడి నేల నుంచి ఏం కోరుతుందో చూస్తే ఈ మాట ఎందుకు అనవలసి వచ్చిందో తెలుస్తుంది. ఒక్కో మొక్కకు సాధారణంగా 70 నుంచి 90 చదరపు మీటర్ల జాగా ఇస్తారు. ప్రధాన తీగ, దానికి ఇరువైపులా చీలే పక్క తీగలు పాకే కొద్దీ కణుపుల మీద మట్టి కప్పుతూ పోతారు. ఆ కణుపుల నుంచి కొత్త వేర్లు నేలలోకి దిగుతాయి కనుక, మొక్క నాటిన గుంట ఒక్కటే కాక మడి మొత్తం దానికి వేరు మండలం అవుతుంది. జూన్ చివరలోనో జూలై మొదట్లోనో ఆడపువ్వుకు చేత్తో పుప్పొడి అద్ది నిలబెట్టిన పిందె, మంచి ఊపు మీద ఉన్న రోజుల్లో రోజుకు 20 కిలోల దాకా బరువు పెరుగుతుంది, ఆ బరువులో అత్యధిక భాగం నీరే. ఇంత నీటిని పట్టి ఉంచే గుణం, ఎక్కువైన నీటిని నిలవనీయకుండా కిందికి జార్చే గుణం ఒకే మట్టిలో ఉండాలి; వేరు కుళ్లు తెచ్చే శిలీంధ్రాలకు నీరు నిలిచిన నేల కంటే అనువైన చోటు లేదు. మడిలో నడిస్తే మట్టి గట్టిపడుతుందని సాగుదారులు చెక్కబల్లలు పరచి వాటి మీదే అడుగులు వేస్తారు.

ఈ గుణం కోసం చాలామంది పశువుల ఎరువునూ కంపోస్టునూ ఏటా బళ్లకొద్దీ తోలుతూ వచ్చారు. మొదటి కొన్నేళ్లు అది మేలే చేస్తుంది గాని, ఎరువుతో పాటు వచ్చే భాస్వరం మొక్క వాడుకునే దాని కంటే ఎక్కువగా పోగుపడుతుంది, లవణాలు పెరుగుతాయి, భూసార పరీక్ష నివేదికలో అంకెలు అవసరానికి మించిపోతాయి. బయటి నుంచి ఏదీ తేకుండా, ఉన్న నేలలోనే సేంద్రియ పదార్థాన్ని పెంచే దారి ఒకటి కావలసి వచ్చినప్పుడు మిగిలేది ఆచ్ఛాదన పంట. ప్రధాన పంట లేని కాలంలో నేలను కప్పి ఉంచడానికి, కోసుకుని తినే ఉద్దేశం లేకుండా, మట్టి కోసమే పెంచే పైరును ఆచ్ఛాదన పంట, అంటే కవర్ క్రాప్ అంటారు. గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను ఆకులు పీల్చుకుని పిండి పదార్థంగా మార్చగా, అందులో కొంత భాగం వేర్ల నుంచి స్రవించి సూక్ష్మజీవులకు ఆహారమవుతుంది. ఆ జీవులు విడిచే జిగురు పదార్థాలు మట్టి రేణువులను చిన్న చిన్న గుళికలుగా అంటిస్తాయి, గుళికల మధ్య మిగిలిన ఖాళీలలోనే గాలి ఆడుతుంది, నీరు దిగుతుంది. ఇంతకూ ఇదంతా జరగాలంటే వేరు ప్రాణంతో ఉండాలి. గుట్టగా పోసిన కంపోస్టు ఎంత మంచిదైనా ఈ పనిని ఇలా చేయలేదు.

శీతల దేశాలలో ఈ పనికి ఎక్కువగా ఎంచుకునేది చలికాలపు రై. గోధుమకు దగ్గరి బంధువైన ఈ ధాన్యపు గింజ ఒకటి రెండు డిగ్రీల సెల్సియస్ వద్ద కూడా మొలకెత్తుతుంది, మంచు కింద నిద్రాణంగా ఉండి, వసంతంలో మంచు కరగగానే మళ్లీ పెరుగుతుంది. మొలిచిన కొత్తలో దాని మొలకకు ఎర్రటి ఊదా ఛాయ ఉంటుంది; కొన్నాళ్లకు పిలకలు వేసి దుబ్బు కట్టిన మొక్కను పెకలించి చూస్తే, దులిపినా రాలని మట్టి వేరు పొడవునా తొడుగులా అంటుకుని ఉంటుంది. దాని వేరు వ్యవస్థ ఎంత విస్తారమో అమెరికన్ వృక్షశాస్త్రజ్ఞుడు హెచ్.జె. డిట్మర్ 1937లో ప్రచురించిన లెక్క చెబుతుంది: పెట్టెలో నాలుగు నెలలు పెంచిన ఒకే ఒక రై మొక్క వేర్లన్నిటినీ కలిపితే 620 కిలోమీటర్లకు పైగా తేలింది, వాటి మీది మూలకేశాలు, అంటే కంటికి నూగులా కనిపించే పీల్చువేర్లు, అన్నీ కలిపి 10,000 కిలోమీటర్లు దాటాయి. పొలంలో ఇరుకున పెరిగే మొక్కకు ఇంత వేరు ఉండకపోవచ్చు గాని, ఆ అంకెలో పదో వంతును తలచుకున్నా ఏ గునపమూ ఏ యంత్రమూ మట్టిని అంత సన్నగా గుల్ల చేయలేదని ఒప్పుకోక తప్పదు. వేసవిలో గుమ్మడికి వేయగా మిగిలిన నైట్రేటును, అంటే నీటిలో కరిగి కిందికి కొట్టుకుపోయే నత్రజని రూపాన్ని, ఈ వేర్లే పట్టి ఉంచుతాయి. అమెరికాలోని మేరీలాండ్ రాష్ట్రం చెసపీక్ అఖాతంలోకి పోషకాలు కొట్టుకుపోకుండా రైతులకు డబ్బిచ్చి మరీ ఆచ్ఛాదన పంటలు వేయిస్తున్నది.

రై ఉన్న నత్రజనిని కాపాడుతుంది గాని కొత్తగా తేలేదు. అందుకని దానికి పప్పుజాతి మొక్కను జత చేస్తారు, ఎక్కువగా హెయిరీ వెచ్ అనే, బఠానీకి చుట్టమైన నూగు తీగను. దాని వేరు బుడిపెలలో నివసించే రైజోబియం బ్యాక్టీరియా గాలిలోని నత్రజనిని మొక్కకు పనికివచ్చే రూపంలోకి మారుస్తుంది. అంతకు ముందు ఆ జాతి పైరు ఎరగని నేల అయితే తగిన బ్యాక్టీరియా కల్చర్‌ను విత్తనానికి పట్టించి చల్లాలి. వసంతంలో ఒక బుడిపెను గోటితో చీల్చితే లోపల గులాబీ రంగు కనిపించాలి, అది నత్రజని పని జరుగుతున్నదనే గుర్తు. తెల్లగానో పచ్చగానో ఉంటే అక్కడ బుడిపె ఉంది గాని పని లేదు. వేరుశనగ పండించే రాయలసీమ రైతుకు ఈ రంగు కొత్తది కాదు.

అసలు చిక్కు కాలంతో వస్తుంది. వెచ్ చలికి తట్టుకుని నిలవాలంటే గట్టి మంచు పడటానికి కనీసం నెల, నెలన్నర ముందే విత్తాలి. ఓట్లు, ముల్లంగి వంటివి మంచుకు చచ్చి వసంతంలో పని లేకుండా చేస్తాయి గాని, ఆ లోగా ఒళ్లు చేయాలంటే వాటిని ఆగస్టులోనే వేయాలి. ఆ వారాలలోనే కాయ మడిలో కూర్చుని ఉంటుంది, పోటీ రోజు దాకా బరువు పెరుగుతూనే ఉంటుంది, ఆకులు ప్రతి అంగుళాన్నీ కప్పి ఉంటాయి. కాయకు కావలసిన చివరి వారాలు, వచ్చే ఏటి మట్టికి కావలసిన మొదటి వారాలు ఒకటే. ఈ కారణం వల్లనే భారీ గుమ్మడి మడిలో రైకి సాటి లేదు: తీగలు తీసిన మర్నాడు అక్టోబరులో చల్లినా అది మొలుస్తుంది. 90 చదరపు మీటర్లకు కిలో నుంచి కిలోన్నర గింజ సరిపోతుంది, ఆలస్యమైన కొద్దీ కొంత పెంచాలి, పైన చల్లి వదిలేయకుండా పళ్లకర్రతో మట్టి కప్పాలి. తెగులు సోకిన తీగలను అక్కడే కలియబెట్టి వాటి మీద రై చల్లడం మాత్రం మంచి అలవాటు కాదు. వాటిని మడి దాటించాలి.

శరత్కాలంలో ఎంత శ్రద్ధగా విత్తినా, వసంతంలో ఎప్పుడు చంపాలో తెలియకపోతే ఆ శ్రద్ధ అంతా వృథా పోతుంది. ఈ తీర్పుకు ఆధారం కర్బన-నత్రజని నిష్పత్తి, అంటే మొక్క కణజాలంలో ఒక పాలు నత్రజనికి ఎన్ని పాళ్లు కర్బనం ఉందనే లెక్క. నేలలోని సూక్ష్మజీవులకు సుమారు 24 పాళ్లు సరిపోయే ఆహారం. లేత రైలో అది 26 దగ్గర ఉంటుంది, పూత నాటికి 37కు చేరుతుంది, ముదిరి గడ్డి అయ్యాక 80 దాటుతుంది. వెచ్‌లో 11 మాత్రమే. ముదిరిన గడ్డిని మట్టిలో కలిపితే దానిని కుళ్లబెట్టడానికి కావలసిన నత్రజనిని సూక్ష్మజీవులు నేల నుంచే లాక్కుంటాయి, లేత గుమ్మడి మొక్క ఆ పక్కనే పసుపు రంగుకు తిరుగుతుంది. పైగా కుళ్లుతున్న రై నుంచి వెలువడే కొన్ని రసాయనాలు ఇతర మొక్కల మొలకలను అణచివేస్తాయి. మోకాలి ఎత్తు దాటక ముందే కోసి, సన్నగా తరిగి, పదును చూసి పైపొరలో కలియదున్ని, నాటడానికి రెండు మూడు వారాల వ్యవధి ఇవ్వాలనే నియమం ఇందుకే ఏర్పడింది. మంచు కరిగిన నేల పదునుకు రాకముందే దున్నితే చలికాలమంతా వేర్లు కట్టిన గుళికలు ఒక్క పూటలో నలిగి ముద్దవుతాయి. ఏప్రిల్‌లో రోజురోజుకూ ఎత్తెదిగే రైని చూసి తొందరపడే సాగుదారు తరచుగా నష్టపోయేది ఇక్కడే. మొక్క నాటే గుంట చుట్టూ మాత్రం రైని ఇంకా ముందే తీసేసి, నేల వేడెక్కడానికి పైన చిన్న ప్లాస్టిక్ గుడారం వేయడం మేలు.

ఈ నియమం తెలుగు నేలకు తెలియనిది కాదు. జీలుగ, జనుము, పిల్లిపెసర వేసి పూత దశలో కలియదున్నే పచ్చిరొట్ట ఎరువు, వానాకాలానికి ముందే పలు రకాల గింజలు కలిపి వేసే నవధాన్యాల సాగు ఇదే సూత్రం మీద నడుస్తాయి. గడియారం మాత్రం వేరు: వరి మడిలో వేడికీ నీటికీ జీలుగ కొద్ది రోజుల్లో కుళ్లిపోతుంది, అక్కడ కాలాన్ని నిర్ణయించేది నీరు, మినెసోటాలో ఏప్రిల్ నాటి చల్లని మట్టిలో అదే పని వారాలు పడుతుంది, అక్కడ కాలాన్ని నిర్ణయించేది చలి. ఒక చోటి రోజుల లెక్కను మరో చోటికి మోసుకుపోవడం వల్ల కలిగే నష్టం రెండు వైపులా ఒకటే.

ఆవ గురించి కొంత జాగ్రత్తగా చెప్పవలసి ఉంది. ఆవ కణజాలం నలిగినప్పుడు ఘాటైన ఐసోథయోసైనేట్లు వెలువడి నేలలోని కొన్ని రోగకారక శిలీంధ్రాలను అణచుతాయని, దీనిని జీవ ధూపన ప్రక్రియ అంటారని ప్రచారం చాలా ఉంది. అది నిజమే గాని, పూత మీద ఉన్న పైరును మెత్తగా తరిగి, అదే గంటలో మట్టిలో కలిపి, నీరు పెట్టి పైపొరను మూసినప్పుడే ఆ ఘాటు నేలలో నిలుస్తుంది. మరో సంగతి, చాలా మొక్కల వేర్లతో కలిసి బతికి వాటికి భాస్వరం అందించే మైకోరైజా శిలీంధ్రాలకు ఆవ వేర్లు ఆశ్రయమివ్వవు. ఒక చేత్తో మైకోరైజా పొడి కొని మరో చేత్తో ఏటా ఆవ చల్లే సాగుదారు తన డబ్బుతో తానే పోరాడుతున్నాడు. తెగులు బెడద ఉన్న మడికి ఆవ మందు. ఆరోగ్యంగా ఉన్న మడికి రై, వెచ్ చాలు.

జాగా ఉన్నవారు మడిని రెండుగా చీల్చి, ఒక ఏడు ఒక భాగంలో గుమ్మడి, రెండో భాగంలో ఏడాది పొడవునా ఆచ్ఛాదన పంటలు వేసి మరుసటి ఏడు మారుస్తారు. అప్పుడు వెచ్‌కూ ఓట్లకూ సకాలంలో చోటు దొరుకుతుంది, ఒకే పంట వెంట వచ్చే వేరు తెగుళ్లకూ కొంత ఆట కడుతుంది. ఇంటి వెనక ఒకే మడి ఉన్నవారికి ఆ వీలు లేదు. వారు సెప్టెంబరులో ఎండుతున్న ఆకులను కోసేసిన చోటల్లా, తీగ చివరల నుంచి లోపలికి వస్తూ, కొంచెం కొంచెంగా రై చల్లుకుంటూ పోవచ్చు. కాయ తూకానికి బయల్దేరే నాటికి మడి అంచులు పచ్చబడి ఉంటాయి, కాయ కూర్చున్న గుండ్రటి జాగా ఒక్కటే చల్లడానికి మిగులుతుంది.