మూడు మాత్రల దరువు

యూరప్‌లో 1956 నుంచి దాదాపు ఏటా యూరోవిజన్ పాటల పోటీ జరుగుతోంది. ఒక్కో దేశం ఒక్కో పాటను పంపుతుంది. కోట్లమంది టీవీల ముందు కూర్చుని చూస్తారు, ఓట్లేస్తారు. మనకు అందులో చోటు లేదు. మన తెలుగు పాట ప్రపంచమంతా చూస్తుండగా పోటీలో నిలబడిందంటే అది 2023 మార్చి 12 రాత్రి, లాస్ ఏంజెలెస్ డాల్బీ థియేటర్‌లో, 95వ ఆస్కార్ వేడుకలో. మనకు అప్పటికే 13వ తేదీ తెల్లవారింది.

ఆ పాట 'నాటు నాటు'. దాన్ని దేశం తరఫున ఎవరూ పంపలేదు. ఆ ఏడు మన దేశం అధికారికంగా పంపింది గుజరాతీ సినిమా 'ఛెల్లో షో'ని. పాటల విభాగంలో దేశాల లెక్క ఉండదు. అకాడమీలోని సంగీత విభాగం వాళ్లు ముందు 15 పాటలు, వాటిలోంచి 5 ఏరుతారు. ఆఖరి ఓటు సభ్యులందరిదీ. ఆ అయిదింటిలో లేడీ గాగా పాట ఉంది, రిహానా పాట ఉంది. వాటిని దాటి మన పాట గెలిచింది. భారతీయ సినిమాలోని పాటకు ఈ బహుమతి రావడం అదే మొదటిసారి. 'జై హో' అంతకుముందే గెలిచింది కానీ అది బ్రిటిష్ సినిమాలోది.

గెలుపు గురించి చాలామంది రాశారు. నాకు ఆ పాట కట్టడం గురించి చెప్పాలనుంది.

పాటకు సంగీతం కట్టిన కీరవాణి పుట్టింది కొవ్వూరులో, 1961లో. 2022లో జిల్లాలు విడదీసేదాకా కొవ్వూరూ మా ఆకివీడూ ఒకే పశ్చిమ గోదావరి. ఈ పాటకు ఆయన ఎంచుకున్న నడకను పాశ్చాత్యులు 6/8 అంటారు. మనవాళ్లకది తిశ్రం: తకిట తకిట, మూడూ మూడూ ఆరు. పాశ్చాత్య డాన్సు పాటల్లో రాజ్యమేలేది నాలుగు దెబ్బల నడక. అయిదు పాటల వరసలో ఒక్కసారిగా ఈ ఆరు మాత్రల ఉరకలు వినిపిస్తే, భాష తెలియనివాడి కాలు కూడా కదిలిందంటే ఆశ్చర్యం లేదు.

అసలు పనితనం ఆ నడక మీద కూర్చున్న మాటలో ఉంది. 'నా' గురువు, రెండు మాత్రలు. 'టు' లఘువు, ఒక మాత్ర. కలిపితే మూడు. ఛందస్సు చదువుకున్నవాళ్లు దీన్ని హ గణం అంటారు. మన దేశి పద్యాలకు ప్రాణమైన సూర్యగణాలు రెండే రెండు, న గణం, హ గణం. రెండూ మూడు మాత్రలవే. ఆటవెలదిలో రెండో పాదం, నాలుగో పాదం అయిదేసి సూర్యగణాలతోనే నడుస్తాయి. అంటే చిన్నప్పుడు బళ్లో వేమన పద్యం వల్లెవేసిన ప్రతివాడి నాలుకకూ ఈ నడక తెలుసు. 'నాటు' అని రెండుసార్లు అంటే తాళంలో ఒక ఆవృత్తం వెంట్రుకవాసి తేడా లేకుండా నిండిపోతుంది. మాటను సాగదీయలేదు, నొక్కలేదు. తెలుగులో సహజంగా ఎలా పలుకుతామో అలాగే పాటలో పడింది. పల్లవికి ఇంతకన్నా ఒదిగిన మాట దొరకడం కష్టం.

అదే కొలత ఆగకుండా సాగితే చెవికి విసుగు. పాట రాసిన చంద్రబోస్‌కు అది తెలుసు. మొదటి చరణం ఎత్తుగడ 'పొలంగట్టు' చూడండి. మూడూ మూడూగా తెగాల్సిన చోట ఒకటి, రెండు, రెండు, ఒకటిగా విరుగుతుంది. ఆరు దగ్గరకొచ్చేసరికి మళ్లీ తాళంతో కలిసిపోతుంది. ఆ చిన్న విరుపులోంచే గిత్త దూకుడు పుడుతుంది. ఆ పాదంలో తర్వాతి మాటలన్నీ మళ్లీ గురువు, లఘువు, గురువు, లఘువు. 90 శాతం పాట ఒక పూటలో వచ్చేసిందనీ, మిగిలిన 10 శాతానికి 19 నెలలు పట్టిందనీ ఆయనే చెప్పారు. వరంగల్ వైపు చల్లగరిగె ఆయన ఊరు. అందుకే పాటలో జొన్న రొట్టె వచ్చింది. మా డెల్టాలో అన్నమే అన్నీ, జొన్న రొట్టె ఎప్పుడోగాని కనబడదు. కానీ అమ్మవారి జాతరా, పొలం గట్టూ, మర్రిచెట్టు నీడా మావి కూడా.

జాతర అంటే మాకు కొల్లేటికోట పెద్దింట్లమ్మే. ఫాల్గుణంలో ఆ కొల్లేటి లంకకు చేపల చెరువుల ఊళ్లన్నీ కదులుతాయి. డప్పు కాయడానికి గడ్డి మంట వేస్తారు. చర్మం బిగిసిందో లేదో వేలితో కొట్టి చూస్తారు. కుడిచేతి చిర్ర బరువు దెబ్బ వేస్తుంది, ఎడమచేతి చిటికెన పుల్ల సందుల్ని నింపుతుంది. పెద్ద దెబ్బ, చిన్న దెబ్బ, గురువు, లఘువు. కీరవాణి పాట వింటే నాకు ఆ రెండు పుల్లలే వినిపిస్తాయి.

రాహుల్ సిప్లిగంజ్ గొంతులో వీధి గరుకుంది, కాలభైరవ గొంతులో నిండుతనముంది. ఇద్దరిలో ఒక్కరే పాడి ఉంటే పాటకు ఈ పోటీ రాదు. ప్రేమ్ రక్షిత్ అడుగులూ అంతే. 2021 ఆగస్టులో కీవ్‌లోని మరియిన్‌స్కీ భవనం ముందు తీసిన ఆ నాట్యంలో ఎన్టీఆర్, రామ్‌చరణ్ భుజాల మీద చేతులేసుకుని ఒకే ఒంటితో ఆడినట్టు ఆడారు. ఆస్కార్ వేదిక మీద పాడింది మన గాయకులిద్దరే. ముందు వరసలో ఆడినవాళ్లు మాత్రం మనవాళ్లు కారు. అడుగులు శుభ్రంగా వేశారు, సభ లేచి నిలబడింది కూడా. నా మటుకు నాకు ఆ పాదాల్లో దుమ్ము తగ్గిందనిపించింది. ఒక్క డప్పు మేళాన్నైనా వేదిక ఎక్కించి ఉండాల్సింది.

సినిమాలో ఆఖరి భాగం ఇంకోసారి వినండి. తాళం వేగం పెరుగుతుంది, చరణాలు రాలిపోతాయి, చివరికి ఆ మూడు మాత్రల మాట ఒక్కటే మిగులుతుంది. తెల్లదొరలు ఒక్కొక్కరే అలసి పడిపోయాక మిత్రులిద్దరే ఆడతారు. అప్పుడు రామ్ (రామ్‌చరణ్), భీమ్‌ను (ఎన్టీఆర్‌ను) గెలిపించడానికి కావాలనే పడిపోతాడు.