గులాబీ కాగితం విలువ 159

2022 జూలై 21న ఢిల్లీలో రాష్ట్రపతి ఎన్నిక ఓట్లు లెక్కించినప్పుడు ఆంధ్రప్రదేశ్ వరుసలో ద్రౌపది ముర్ము పేరు కింద 27,507 అని పడింది. యశ్వంత్ సిన్హా పేరు కింద సున్నా. ముర్ముకు వచ్చిన ఓటు కాగితాలు మాత్రం 173. అప్పుడు అధికారంలో ఉన్న వైఎస్సార్ కాంగ్రెసూ, ప్రతిపక్షంలో ఉన్న తెలుగుదేశమూ ఒకే అభ్యర్థి వెనక నిలబడ్డాయి కాబట్టి ఫలితం ముందే తెలిసిపోయింది. 2017లోనూ ఇదే తీరు: రామ్‌నాథ్ కోవింద్‌కు 171 ఓట్లు, మీరా కుమార్‌కు ఒక్కటీ లేదు. అందుకే మన రాష్ట్రం ఎవరికి వేసిందన్న కథ ఒక్క వాక్యంలో అయిపోతుంది. 173 కాగితాలు 27,507 ఎలా అయ్యాయన్నదే అసలు చూడవలసిన పనితనం.

ఉదాహరణకు నెల్లూరు జిల్లా పడమటి వైపు చూద్దాం. సోమశిల ఆనకట్ట ఉన్న అనంతసాగరం మండలం ఆత్మకూరు నియోజకవర్గంలోది. దానికి ఉత్తరాన, కొండల వైపు, ఉదయగిరి నియోజకవర్గం. రాజ్యాంగం 54వ అధికరణం ప్రకారం ఈ పడమటి నెల్లూరు ఓటర్లు రాష్ట్రపతిని నేరుగా ఎన్నుకోరు. వాళ్ళు గెలిపించిన ఇద్దరు ఎమ్మెల్యేలు ఆ పని చేస్తారు. ఒక్కో ఎమ్మెల్యే ఓటు విలువ 159, రెండు సీట్లకూ కలిపి 318. ఈ 159 ఎవరో కూర్చుని నిర్ణయించిన అంకె కాదు. 55వ అధికరణం చెప్పిన మూడు మెట్ల లెక్కలోంచి వస్తుంది.

మొదటి మెట్టు, రాష్ట్ర జనాభా తీసుకోవడం. నేటి ఆంధ్రప్రదేశ్‌కు అది 2,78,00,586. రెండోది, దాన్ని అసెంబ్లీకి ఎన్నికయ్యే సీట్ల సంఖ్యతో, అంటే 175తో భాగించడం. సుమారు 1,58,860 వస్తుంది. మూడోది, దాన్ని వెయ్యితో భాగించడం: 158, శేషం 860. శేషం అయిదు వందలకు తగ్గకపోతే ఒకటి కలపమని అధికరణమే చెబుతుంది. అలా 159. జనాభా ఎంతున్నా, సీట్లు ఎన్నున్నా ఇదే పద్ధతి. ఉత్తరప్రదేశ్‌కు 208 వస్తుంది, సిక్కింకు 7. ఏ కారణం వల్లనైనా ఒక సీటు ఖాళీగా ఉన్నా భాగహారం 175తోనే జరుగుతుంది. మిగిలినవారి ఓటు బరువెక్కదు.

ఈ లెక్కలో వాడే జనాభా 1971 నాటిది. జనాభాను అదుపు చేసిన రాష్ట్రాలు దానివల్ల నష్టపోకూడదని 1976లో 42వ సవరణ ఆ సంఖ్యను అక్కడే నిలిపేసింది. ఆ తర్వాత 84వ సవరణ ఆ గడువును 2026 తర్వాత జరిగే మొదటి జనాభా లెక్కలు వెలువడే దాకా పొడిగించింది. 1971 నాటికి సోమశిల ఆనకట్ట లేదు. పెన్నకు అడ్డంగా అది లేచాక కడప జిల్లాలో నీటి కింద పోయిన ఊళ్ళు ఆ లెక్కల్లో ఇంకా పొలాలతో, ఇళ్ళతో, తమ తమ జనంతో ఉన్నాయి. 2022లో వెలగపూడి అసెంబ్లీలో పడిన ప్రతి ఓటు విలువలోనూ ఆ ఊళ్ళ వాటా ఉంది. జనాభా లెక్కల పుస్తకానికి ఇంత ఓపిక ఉంటుందని నేను అనుకోలేదు.

రాష్ట్ర విభజన దగ్గర ఈ లెక్క మరీ ముచ్చటగా పనిచేసింది. ఉమ్మడి రాష్ట్రంలో 294 సీట్లు, ఒక్కో ఓటు విలువ 148. విడిపోయాక ఆంధ్రప్రదేశ్ ఎమ్మెల్యే ఓటు 159కి పెరిగింది, తెలంగాణ ఎమ్మెల్యేది 132కి తగ్గింది. ఎవరూ ఎవరికీ ఏమీ ఇవ్వలేదు. జనాభాను, సీట్లను పంచిన పాళ్ళు కొంచెం వేరయ్యాయి, అంతే. ఇక మొత్తాలు చూడండి. అప్పుడు 294 ఓట్లకు 43,512. ఇప్పుడు ఆంధ్రకు 27,825, తెలంగాణకు 15,708, కలిపితే 43,533. రెండు రాష్ట్రాలకూ కలిపి 21 ఎక్కువ! అదే జనం, అవే 294 సీట్లు. ఉమ్మడి లెక్కలో శేషం 968 ఒక్కసారే పై అంకెకు చేరింది. ఇప్పుడు 860 ఒకచోట, 950 ఇంకోచోట చేరాయి. ఆ చిల్లరే కాగితాల సంఖ్యతో గుణించగా 21 అయింది.

కాటా ఒక పళ్ళెంలో ఎమ్మెల్యేలుంటే రెండో పళ్ళెంలో ఎంపీలుంటారు. రాష్ట్రాల మొత్తం బరువూ పార్లమెంటు మొత్తం బరువూ సమానంగా ఉండాలన్నది ఇక్కడ సూత్రం. 2022లో అన్ని రాష్ట్రాల ఎమ్మెల్యేల ఓట్ల విలువ 5,43,231. దాన్ని ఎన్నికైన 776 మంది ఎంపీలకు పంచితే ఒక్కొక్కరికి 700, మొత్తం 5,43,200. తేడా 31 మాత్రమే. పది లక్షలు దాటిన తూకంలో ముల్లు కదిలింది అంత మేరకే. అయిదేళ్ళ ముందు, 2017లో, ఎంపీ ఓటు విలువ 708. ఈ మధ్యలో జమ్మూ కాశ్మీర్ అసెంబ్లీ లేకుండా పోవడంతో దాని 87 సీట్ల 6,264 లెక్కలోంచి జారిపోయింది. వెంటనే ఎంపీ ఓటు ఎనిమిది తగ్గింది. ఈ సూత్రంలో ఒక్క అక్షరం మార్చకుండానే రెండో పళ్ళెం తనంతట తాను సర్దుకుంది.

ఓటు ఎవరికి ఉందో కూడా జాగ్రత్తగా గీసిన గీతే. నామినేటెడ్ సభ్యులకు లేదు. మన శాసనమండలి సభ్యులకూ లేదు, ఎందుకంటే మండలి అన్ని రాష్ట్రాల్లో ఉండదు. ఖాళీ సీటుకూ ఓటుండదు. ఆత్మకూరు సీటు 2022లో కొద్దిలో బయటపడింది. ఎమ్మెల్యే, మంత్రి మేకపాటి గౌతమ్ రెడ్డి ఫిబ్రవరిలో చనిపోయారు. ఉప ఎన్నిక జూన్ 23న జరిగింది, ఆయన తమ్ముడు విక్రమ్ రెడ్డి గెలిచినట్టు 26న తేలింది. రాష్ట్రపతి ఎన్నికకు పోలింగ్ జూలై 18న. ఉప ఎన్నిక మూడు వారాలకు మించి ఆలస్యమై ఉంటే ఆత్మకూరు 159 ఎవరి లెక్కలోనూ పడేది కాదు.

ఇక కాగితం. ఎంపీలకు ఆకుపచ్చ, ఎమ్మెల్యేలకు గులాబీ రంగు. విలువలు వేరు కాబట్టి కాగితాన్ని చూడగానే ఏ తూకమో తెలియాలి. దాని మీద రెండే నిలువు వరుసలు: అభ్యర్థి పేరు, ప్రాధాన్యం వేసే గడి. పార్టీ గుర్తు ఉండదు, పార్టీ విప్ కూడా ఇక్కడ చెల్లదు. ఎమ్మెల్యే సొంత కలంతో గీయకూడదు. ఎన్నికల సంఘం ఇచ్చే ఊదా రంగు సిరా కలంతోనే అంకె వేయాలి. సిరా తేడాను బట్టి ఫలానావారి ఓటని పోల్చుకునే దారి దీంతో మూసుకుపోయింది. అంకెను మామూలుగా 1 అని వేయొచ్చు, రోమన్‌లో వేయొచ్చు, భారతీయ భాషల అంకెల్లో వేయొచ్చు. అంటే తెలుగు ౧ కూడా చెల్లుతుంది! "ఒకటి" అని అక్షరాల్లో రాస్తే మాత్రం చెల్లదు, చేతిరాత మనిషిని పట్టిస్తుంది. రెండో ప్రాధాన్యం వేయడం ఐచ్ఛికం, మొదటిది లేని కాగితం పనికిరాదు. దేశం మొత్తం మీద 2022లో 53 ఓట్లు ఇలాంటి కారణాలతో చెల్లకుండా పోయాయి. వాటిలో 15 ఎంపీలవే. చట్టాలు చేసేవాళ్ళకు ఒక అంకె వేయడం ఇంత కష్టమా అని విసుక్కోవచ్చు గానీ, నియమం ఎవరినీ చూసి మెత్తబడలేదన్నది కూడా నిజం.

సీలు వేసిన ఓట్ల పెట్టె సామాన్ల అరలో వెళ్ళదు. అధికారి పక్కనే, విమానంలో, తనకంటూ ఒక సీటులో కూర్చుని ఢిల్లీ వెళుతుంది. 2022లో టికెట్టు మీద పేరు మిస్టర్ బ్యాలెట్ బాక్స్.

లెక్కింపులో మొదట చెల్లనివి తీసేస్తారు. చెల్లిన ఓట్ల మొత్తం విలువను సగం చేసి ఒకటి కలిపితే కోటా. ఆ ఏడాది మొత్తం 10,56,980, కోటా 5,28,491. ముర్ముకు 6,76,803 రావడంతో రెండో ప్రాధాన్యాన్ని ముట్టుకోవలసిన పని పడలేదు. దాని అవసరం 1969లో పడింది, అదీ ఇద్దరు తెలుగువాళ్ళ మధ్య. కోటా 4,18,169 అయితే మొదటి లెక్కలో వి.వి. గిరికి 4,01,515, నీలం సంజీవరెడ్డికి 3,13,548. తక్కువ వచ్చినవారిని ఒక్కొక్కరినే తప్పించి, వాళ్ళ కాగితాల్ని తర్వాతి ప్రాధాన్యం ఉన్న పేరుకు అదే విలువతో మారుస్తూ పోయారు. చివరికి గిరి 4,20,077, రెడ్డి 4,05,427. మొదటి ఎంపిక ఓడిపోయినా కాగితం వృథా కాకుండా పనిచేయడం ఈ పద్ధతిలోని నైపుణ్యం. ఖాళీ వదిలేసిన రెండో గడికి ఆ శక్తి ఉండదు.

ఉదయగిరికి ఈ లెక్కతో ఇంకో బంధం ఉంది. ఎం. వెంకయ్యనాయుడు 1978లో, 1983లో అక్కడి నుంచి ఎమ్మెల్యేగా గెలిచారు. జైల్ సింగ్, హెచ్.ఆర్. ఖన్నా పోటీపడిన 1982 ఎన్నికలో ఉదయగిరి ఎమ్మెల్యేగా ఆయన ఓటు విలువ 148. 2017 ఆగస్టు 5న ఆయనే ఉపరాష్ట్రపతి పదవికి పోటీ చేసి గోపాలకృష్ణ గాంధీ మీద 516–244 ఓట్లతో గెలిచారు. ఉపరాష్ట్రపతిని ఎంపీలే ఎన్నుకుంటారు, నామినేటెడ్ సభ్యులతో సహా, ఒక్కొక్కరిదీ ఒక్కో ఓటు. కాబట్టి తమ పాత ఎమ్మెల్యేను ఎన్నుకునే ఆ ఎన్నికలో అప్పటి ఉదయగిరి ఎమ్మెల్యేకు ఓటు లేదు.