కల్పితలోకమున కూలిలెక్క: ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ ఆర్థికవ్యవస్థా పరిశీలనము

అద్భుతలోకమును సృజించు కవికి హద్దులేని స్వాతంత్ర్యము కలదని సామాన్యముగ ననుకొందురు. ఇది సగము సత్యము. పర్వతములకు ఱెక్కలున్నవని కవి చెప్పినచో నమ్ముదుము. అవి ఏ క్షణమున తలపై వ్రాలునో తెలియని లోయలో నిర్భయముగ నూరు కట్టుకొన్న జనులను చూపినచో నమ్మము. అసంభవమును సహించు పాఠకుడు అనౌచిత్యమును సహింపడు. 11వ శతాబ్దిలో క్షేమేంద్రుడు ఔచిత్యమును కావ్యజీవితముగ ప్రతిపాదించి, పదము మొదలుకొని అనేకస్థానములయందు దానిని పరీక్షించినాడు. ఆ పరీక్షను కల్పితలోకపు ద్రవ్యవ్యవస్థకును వర్తింపజేయవచ్చునని నిరూపించుట యీ వ్యాసోద్దేశము.

ఇందులకు గ్రహించిన లక్ష్యము గ్రంథస్థమైన కావ్యము కాదు. బల్లచుట్టును కూర్చుండి మాటలతో నాడెడు పాత్రధారణక్రీడ. అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనువారు రచింపగా 1974లో వెలువడిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ ఈ జాతికి ఆద్యము. ఇందు నిర్వాహకుడొకడు లోకమును వర్ణించును. తక్కినవారు ఒక్కొక్క పాత్రను ధరించి తమ చేష్టలను చెప్పుదురు. సందిగ్ధఫలమును పాచికలు నిర్ణయించును. ఇచట శ్రోతయే ప్రశ్నించువాడు. కవి దాటవేసిన సంగతిని పాఠకుడు మఱచిపోవచ్చును. కాని ఈ కత్తి వెల యెంత, అమ్మినవాడు ఆ సొమ్మును ఏమి చేయును అని పాత్రధారి అడిగినచో నిర్వాహకుడు బదులు చెప్పక తప్పదు.

ఈ క్రీడకు 1978లో వెలువడిన ‘ప్లేయర్స్ హ్యాండ్‌బుక్’ ననుసరించి పొడవుకత్తి వెల 15 బంగారు నాణెములు. ఒకని వారపు దారిబత్తెము 3 నాణెములు. 1979 నాటి ‘డంజన్ మాస్టర్స్ గైడ్’ సామాన్యపదాతికి విధించిన నెలజీతము 1 నాణెము. కత్తియు నన్నమును యజమానుడే యిచ్చునని సమాధానపడినను, నాలుగు వారముల బత్తెము జీతమునకు 12 రెట్లగుచున్నది. ఇంతకంటె విచిత్రమొకటి కలదు. కథానాయకుడు మొదటి మెట్టునుండి రెండవమెట్టు నెక్కుటకు గురువునకు వారమునకు 1,500 నాణెములు చెల్లింపవలెను. ఇది ఆ పదాతికి 125 ఏండ్ల జీతము. అట్టి గురువు కొలదికాలముననే పట్టణమును కొనగలవాడు. అయినను ఆ ధనప్రవాహపు జాడ ఊరి ధరలలోగాని కూలిలోగాని కానరాదు. నాయకుల చేతినుండి జాఱిన బంగారము లోకమునుండియే అదృశ్యమైనట్లున్నది.

దీనికి కారణము సులభముగనే గ్రాహ్యము. ఆ నియమావళిలో నాయకుడు సాధించి తెచ్చిన బంగారమే అతని అనుభవమునకు కొలమానము, నాణెమునకొక అనుభవాంకము. కావున బంగారము ద్రవ్యముగాక పరాక్రమచిహ్నమైనది. మెట్టెక్కుటకు విరివిగ నీయవలెను. మరల సాహసమునకు పురికొల్పుటకు దానిని హరింపవలెను. గైగాక్స్ ఈ చిక్కునెఱుగనివాడు కాడు. పన్నులు, సుంకములు విధింపుమనెను. అధికధరలను అలాస్కా బంగారువేటనాటి పట్టణములతో పోల్చి సమర్థించెను. ఉపమానము చక్కనిదే, ప్రయోగము మాత్రము అర్ధాంతరమున నిలిచినది. 1848లో కాలిఫోర్నియాలో బంగారము బయల్పడినపుడు వెలలతోపాటు కూలియు పెరిగినది. సైనికులు కొలువు విడిచి గనులకు పరుగెత్తిరి. శాన్ ఫ్రాన్సిస్కో రేవున నావికులు విడిచిపోయిన ఓడలు నిలిచిపోయినవి. మఱి యీ క్రీడాలోకమున 1 నాణెపు పదాతి కోటవాకిట నేల నిలిచియున్నాడు? ఆతడును బిలమున కేల దిగడు? దీనికి బదులులేదు.

ధనరాశి యొకచోట కురిసిన ఫలమెట్లుండునో చరిత్ర చెప్పుచున్నది. 1324లో మాలీ ప్రభువు మన్సా మూసా మక్కాయాత్రకు పోవుచు కైరోలో బంగారమును వెదజల్లగా అచట దాని విలువ పడిపోయినది. సుమారు 12 ఏండ్లు గడచినను ఆ తగ్గుదల తీరలేదని అల్ ఉమరీ వ్రాసెను. ఒక రాజు దానము పరదేశపు అంగడిని కలచివేయగా, నిత్యము నిధులను మోసికొనివచ్చు నాయకబృందము గ్రామమున ఏ చలనమును కలిగింపకుండుట అనౌచిత్యము.

‘క్రీడ అర్థశాస్త్రము కాదు, రాక్షససంహారమునకు వచ్చినవారికి ధాన్యపు ధరలతో పనియేమి?’ అని పూర్వపక్షము. ఇందు కొంత న్యాయము కలదు. ప్రతివస్తువునకు లెక్కకట్టు నిర్వాహకుడు కథను పద్దుపుస్తకముగ మార్చును. కాని మనము కోరునది లెక్కల బాహుళ్యము కాదు, కార్యకారణసంబంధము. 1977లో మార్క్ మిల్లర్ రచించిన ‘ట్రావెలర్’ దీనికి నిదర్శనము. ఇది అంతరిక్షవిషయకమైనను న్యాయ మొక్కటే. అందు ఓడను అప్పుతో కొన్నవాడు వెలలో 240వ వంతును నెలనెలకును 40 ఏండ్లు చెల్లింపవలెను. ఈ యొక్క నియమముచేతనే వర్తకము, ప్రయాణము, సాహసము తమంత పుట్టును. ఇచట ఆర్థికవ్యవస్థ కథకు అడ్డుకాదు; కథాబీజము.

‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ సయితము 2014 నాటి కూర్పున ఈ విషయమున కొంత చక్కబడినది. అందు పొడవుకత్తి వెల 15 నాణెములుగనే యున్నది. కాని నైపుణ్యములేని కూలివాని దినవేతనము 2 వెండి నాణెములు, పేదబ్రదుకునకు దినవ్యయమును 2 వెండి నాణెములే. ఈ రెండంకెలు సరిపోవుటతో ఒక మనుష్యుడు జీవించినాడు. ఆతనికి మిగులునది లేదని, కత్తి కొనలేడని, ఒక్క బంగారు నాణెము దొరకిన నైదుదినములు గడచునని మనకు తెలియుచున్నది. ఆతని గుడిసెముందు నాయకుడు విసరిన నాణెమునకు ఇపుడు బరువు కలిగినది.

కావున సిద్ధాంతమిది. కల్పితలోకపు ఆర్థికవ్యవస్థ నమ్మదగినదా యని పరీక్షింపగోరు విమర్శకుడు నిధుల పరిమాణమును గాక కూలివాని దినమును ముందు లెక్కింపవలెను. ఆతడేమి తిని బ్రదుకుచున్నాడో తెలిసిన లోకము సజీవము. తెలియనిచో అది నాయకులకై నిలిపిన తెర మాత్రమే. ఈ ప్రశ్నను మన అద్భుతకథలకును వేసి చూచుట పరిశోధకులు చేయదగిన పని.